చెవి తెగిన రాతికుక్క

ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు, పని కొట్టం వాకిట్లో ఒక రాతికుక్క కూర్చుని ఉంటుంది. దాని ఎడమ చెవి సగానికి తెగి ఉంటుంది. విగ్రహాలు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళంతా దాన్ని చూసి, "అయ్యో పాపం, చెవి విరిగిందే" అంటారు. విరగలేదు. మా ఆయన కావాలనే అట్లా చెక్కాడు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. అందుకని ఒక్కసారి మొదటినుంచీ చెప్పేస్తాను, వినండి.

మా ఆయన పేరు గురుస్వామాచారి. మొగుడి పేరు నోటితో పలకకూడదని మా అమ్మ నేర్పింది. కానీ పేరు లేకుండా మనిషి సంగతి చెబితే మీకేం అర్థమవుతుంది? అందుకే అన్నాను. శిల్పాల పని. బలపం పట్టాల్సిన వయసులో వాళ్ళ నాయన చేతికి ఉలి ఇచ్చాడు. మాట తక్కువ మనిషి. తక్కువ అనడం మర్యాదకు, నిజానికి మాటే లేదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నాకేమో నోరు ఊరుకోదు. ఇద్దరినీ ఎవరు జత కలిపారో గానీ, వాళ్ళు దొరికితే అడగాలని చాలాసార్లు అనుకున్నాను.

దానికి తోడు, చిన్నప్పటినుంచీ రాతిమీద సుత్తి మోత వినీ వినీ ఆయన చెవులు మొద్దుబారాయి. మా పనివాళ్ళలో ఇది మామూలే. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. రాయి మంచిదో కాదో తెలియాలంటే ఉలితో తట్టి దాని పలుకు వింటారు. మా ఆయన తట్టేవాడు, తట్టి అరచేయి ఆనించి చూసేవాడు. "ఏమయ్యా, వినపడలేదా?" అంటే, "వినపడింది లే, గమ్మునుండు" అనేవాడు. ఎదుటిమనిషి ముఖం చూసి సగం, ఊహించుకుని సగం, అట్లా నెట్టుకొచ్చాడు.

మాకు ఒక్కతే కూతురు పుట్టింది. పేరు ఈశ్వరి. నాలుగో ఏడు నడుస్తుండగా అమ్మవారు పోసి పోయింది. పొద్దున పోయింది, మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. నేను లోపల చాపమీద పడి ఏడుస్తున్నాను. ఇంటినిండా అమ్మలక్కలు ఉన్నారు. ఇంతలో బయట కొట్టంలోంచి సుత్తి మోత వినపడింది. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి, తడిసిన తల కూడా తుడుచుకోకుండా, ఆ మనిషి పనికి కూర్చున్నాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దు గూకేదాకా ఆ మోత ఆగలేదు.

ఆ రోజు నుంచి మా ఇద్దరి నోటా ఆ బిడ్డ పేరు రాలేదు. ఆయన అనలేదు, నేనూ అనలేదు. కూరలో ఉప్పూ కారం సరిగ్గానే వేశాను, బట్టలు సరిగ్గానే ఉతికాను, కానీ ఆ మోతను మాత్రం నేను మరిచిపోలేదు. కన్నతండ్రికి ఒక్క చుక్క కన్నీరు రాలేదా అని నా లోపల ఉడుకుతూనే ఉండేది.

తర్వాత కొన్నేళ్ళకు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, చీరాల అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి రంగయ్య అనే పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. వలలూ పడవలూ ఉన్న ఆసామి. వాళ్ళ ఊళ్ళో శివాలయం కట్టుకుంటున్నారట, కాలభైరవుడి విగ్రహం కావాలట. అంతకుముందు ఎక్కడో చేయిస్తే రైల్లో ముక్కు విరిగిందట.

"ఈసారి రాయిని రైలెక్కిద్దామండీ. ఆచారిగారే వచ్చి మా ఊళ్ళో కూర్చుని చెక్కాలి. ఉండటానికి ఇల్లు నేనిస్తాను" అన్నాడు.

ఆయన సరేనన్నాడు. పెట్టకపోతే అన్నం కూడా అడగని మనిషికి అక్కడ వంట ఎవరు చేస్తారు? నేనూ మూట కట్టుకున్నాను. నంద్యాలలో రైలెక్కాం. అడవిలోంచి, కొండ సొరంగాల్లోంచి ఆ రైలు పోతుంటే నేను కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పిలిచాను. ఆయన మాత్రం పట్టాల మీద చక్రాల మోతను కిటికీ కడ్డీ పట్టుకుని చేతితో వింటూ కూర్చున్నాడు.

సముద్రం చూసిన మొదటి రోజు నాకు నచ్చలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మా వైపు కాలువలో నీళ్ళు వదిలితే పిల్లాపెద్దా అంతా గట్టు మీదికి పరిగెత్తే ఊళ్ళు మావి. ఇక్కడ చూస్తే కంటికి ఆనినంత మేరా నీళ్ళే, ఒక్క చెంబు వంటకు పనికి రాదు. పొద్దస్తమానం రొద. ఒంటికి జిగట, చీరకు ఉప్పు, అన్నంలో ఇసుక. "యాడికి తెచ్చి పడేసినావయ్యా" అన్నాను. ఆయనకు వినపడలేదు.

భైరవుడికి కొలతలన్నీ వాళ్ళ నాయన నేర్పాడు. ముఖం ఇంత, చేయి ఇంత, నడుము ఇంత అని లెక్క ఉంది. కానీ భైరవుడి ముందు కూర్చునే కుక్కకు కొలతలు నేర్పలేదట. రంగయ్య కుక్కను వేరే రాతిలో, జానెడు ఎత్తున, అందరికీ కనపడేట్టు చెయ్యమన్నాడు. మా ఆయన రెండు రోజులు రాయి ముందు కూర్చుని లేచాడు. మూడో రోజు సాయంత్రం ఉలి కింద పెట్టి ఒడ్డుకు పోయాడు.

అక్కడ ఆ కుక్క ఉంది. ఎర్ర కుక్క, ఎవరిదీ కాదు. పడవలు ఒడ్డుకు వచ్చినప్పుడు జాలర్లు పారేసే చిన్న చేపలు తిని బతికేది. ఎప్పుడో ఏ కుక్కతోనో కొట్లాడి ఎడమ చెవి సగం పోగొట్టుకుంది. మా ఆయన ఇంట్లోంచి రాగి సంకటి ముద్ద తీసుకుపోయి దాని ముందు పెట్టాడు. సంకటి ముద్ద నాకు చెప్పకుండా తీశాడని నాకు ఒళ్ళు మండింది గానీ, అది వేరే సంగతి. అప్పటినుంచి రోజూ సాయంత్రం కుక్కను వెంటబెట్టుకుని నీళ్ళ అంచున నడిచేవాడు. అది నడిస్తే భుజం ఎట్లా కదులుతుందో, ఆగితే బరువు ఏ కాలి మీద మోపుతుందో చూసేవాడు. సరుగుడు తోపు దగ్గర బయల్దేరి, ఏటి పాయ సముద్రంలో కలిసే చోటుదాకా పోయి, వెనక్కి తిరిగేవాళ్ళు.

పల్లెలో ఆడవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఏమమ్మా, మీ ఆయన కుక్కను గాలికి తిప్పుతున్నాడా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో కూర్చుంటే ఈ మాటలు వినాలి కదా అని, నేనూ వాళ్ళ వెనకాల పోవడం మొదలుపెట్టాను. ముందు కుక్క, దాని పక్కన ఆయన, కాస్త వెనకగా నేను. మా వైపు ఆడది మొగుడి వెనకే నడుస్తుంది, అక్కడా అట్లాగే నడిచాను.

నాలుగైదు రోజులు పోయాక ఆయన మాట్లాడాడు.

నాతో కాదు, కుక్కతో. "ఇనప్పా" అని, వినమన్నట్టు మొదలుపెట్టాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ సముద్రం రొదలో ఆయన గొంతు ఆయనకే వినపడదు. లోపల గొణుక్కుంటున్నాననుకున్నాడు పాపం. బయటికేమో ఊరు కేక పెట్టినట్టు వస్తోంది. వెనక నడిచే నాకే కాదు, గట్టిగా గాలి వీస్తే తోపులో పుల్లలేరుకునేవాళ్ళకు కూడా వినపడేది.

ఎన్ని మాటలు ఉన్నాయో ఆ మనిషి లోపల! వాళ్ళ నాయన ఉలి సరిగ్గా పట్టలేదని వేళ్ళ మీద కొట్టిన సంగతి చెప్పాడు. నంద్యాలలో ఒక గుడికి చేసిన అమ్మవారి ముఖం తనకు నచ్చలేదని, ఎవరికీ చెప్పుకోలేక పోయానని చెప్పాడు. "చెవులు పోతాండాయప్పా. మా ఇంట్లో ఆమెకు తెల్సు, నాకు తెల్దనుకుంటాంది" అన్నాడు. ఇంకోరోజు, "ఆమె చింతాకు పప్పు చేస్తే యాడున్నా వాసన తెలుస్తాది, దానికి చెవులతో పని లే" అన్నాడు. కుక్క అప్పుడప్పుడూ ఆగి, తల ఎత్తి ఆయనను చూసేది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా మొగుడి మాట నేను వింటున్నాను, అదీ దొంగతనంగా, ఒక కుక్క పుణ్యాన.

ఇక నాకు సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది. మధ్యాహ్నం నుంచే వంట ముగించి వాకిట్లోకి చూసేదాన్ని. ఆ ఉప్పు గాలి మీద ఎప్పుడు కోపం పోయిందో నాకే తెలియదు.

ఒకరోజు సముద్రం బాగా పొంగి ఉంది. జాలర్ల పిల్లలు అలల వెంట పరిగెత్తి, అల తిరగబడితే వెనక్కి పారిపోతున్నారు. ఆయన ఆగి వాళ్ళను చూశాడు.

"మా ఈశ్వరి ఉన్న్యింటే ఈళ్ళంత ఉండు" అన్నాడు.

నా కాళ్ళు ఆగిపోయాయి.

"పోయిన పొద్దు నేను సుత్తి పట్టుకున్న్యానప్పా. అందరూ ఏమనుకున్న్యారో. అది ఇగ్రహమూ కాదు, ఏమీ కాదు, ఊరికే ఒక బండ. లోపల ఆమె ఏడుస్తాంది. అప్పట్లో నాకు బాగా వినపడతాండె. ఆ ఏడుపు ఇనలేక కొట్టినా. కొట్టి కొట్టి బండ పొడి అయిపాయ, నేను ఆపలే. నా చెవులు ఆ పొద్దే పోయినాయనుకుంటా. పోనీ."

కుక్కా ఆయనా ముందుకు పోయారు. నేను అక్కడే తడి ఇసుకలో కూలబడ్డాను. కళ్ళకు ఏమీ కనపడలేదు. ఇన్నేళ్ళూ నేను ఏ మోతను తిట్టుకున్నానో, ఆ మోత నా ఏడుపు కోసమే మోగిందా? ఆయన తిరిగి వచ్చేసరికి నేను ఇంకా లేవలేదు.

"ఏందే, కూసున్న్యావ్?"

"కాలికి ముల్లు గుచ్చుకుంది."

"ఇసకలో ముల్లేందీ?" అని, ఆయన నా ముందు గొంతుక్కూర్చుని, నా పాదం చేతిలోకి తీసుకుని, రాయిని తడిమినట్టు వేలితో తడిమి చూశాడు. చాలాసేపు చూశాడు. ముల్లు ఉంటే కదా దొరకడానికి. కుక్క పక్కన కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది.

విన్నానని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే మళ్ళీ జన్మలో నోరు విప్పడని ఆగాను. కానీ ఆ రోజు నుంచీ నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఆ మాట నా ముఖం చూసి నాతో చెప్పాలి. బిడ్డను కన్నది మేమిద్దరం. ఏడిస్తే ఇద్దరం కలిసి ఏడవాలి. మధ్యలో కుక్క ఎందుకు?

భైరవుడు పూర్తయ్యాడు. కుక్కా పూర్తయింది. ఊరంతా చూడటానికి వచ్చారు. కుక్క అచ్చం అదే, ఇంకొంచెం ఉంటే తోక ఊపేటట్టుంది. ఎడమ చెవి సగానికి తెగి ఉంది. గుడి పూజారి ముందుకు వంగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"అంగం లోపించిన వాహనం దేవుడి ముందు పెట్టకూడదు ఆచారీ. ఇది నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కరలేదు. మా ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. జీవితంలో ఒక్క విగ్రహానికి గోరంత లోపం రానివ్వని మనిషి, తెలిసి తెలిసి ఈ పని చేశాడు. రంగయ్య ఆయన చెవి దగ్గరికి వచ్చి, ఎందుకండీ ఇట్లా చేశారు అని అడిగాడు.

"ఆ చెవితోనే ఇన్న్యాదప్పా అది. సరి చేస్తే యేరే కుక్క అయిపోతాది" అన్నాడు ఆయన. ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆయన వాదించలేదు. మిగిలిన రాతిలో ఇంకో కుక్కను చేసిచ్చాడు. రెండు చెవులూ నిక్కబొడుచుకున్న బుద్ధిమంతురాలైన కుక్క. పూజారి సంతోషించాడు. పాతదాన్ని పడవలో తీసుకుపోయి సముద్రంలో వదిలెయ్యమన్నాడు. లోపమున్న విగ్రహాన్ని నీళ్ళలో కలపడం ఆచారం. మా ఆయన సరేనన్నట్టు తల ఊపాడు.

"కలిపేదేందీ? దానికి పూజ లే, ఏమీ లే. అది ఉత్త రాయి. నేను తీసుకోని పోతా" అన్నాను. అంతమంది మగవాళ్ళ మధ్యలో నా గొంతు లేచేసరికి పూజారి వెనక్కి తగ్గాడు.

బయల్దేరిన రోజు అసలు కుక్కను కూడా బండి ఎక్కించాలని చూశాం. ఎక్కింది, బండి కదలగానే దూకేసింది. సరుగుడు తోపు చివరిదాకా వెంట వచ్చి, అక్కడ నిలబడిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను, అది కనపడనంత దూరం పోయేదాకా చూశాను.

రాతికుక్కను నా పాత చీరలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. నంద్యాలలో దిగి ఆళ్లగడ్డ బస్సు ఎక్కబోతే కండక్టర్ ఆపాడు.

"మూటలో ఏందమ్మా?"

"కుక్క."

"బస్సులో కుక్కల్ని ఎక్కించేది లే. దిగు."

"మొరగదు, కరవదు, లోపలికి జరుగు" అని మూట విప్పి చూపించాను. అతను దాని తల నిమిరి, "చెవి విరిగిందే" అన్నాడు. ఆ మాట అన్న మొదటివాడు అతనే.

ఇంటికి వచ్చాక ఏముంది? మళ్ళీ సుత్తి మోత, మళ్ళీ మౌనం. చెవులు ఇంకా తగ్గాయి. ఏదైనా చెప్పాలంటే వీధి మొత్తానికి చెప్పినట్టు అరవాలి. నేను రాతికుక్కను కొట్టం వాకిట్లో, ఆయన కంటికి ఎదురుగా పెట్టాను. సాయంత్రమైతే, "కాలవ గట్టు దాకా పోయొద్దామా?" అని సైగ చేసేదాన్ని. పని ఉంది అని తల ఊపేవాడు. నేనొక్కదాన్నే పోయి గట్టు మీద కూర్చునేదాన్ని. కాలువ నీళ్ళు చప్పుడు లేకుండా పోయేవి. రొద లేని నీళ్ళు నాకు నచ్చడం మానేశాయి. ఆ ఉప్పు గాలి, ఆ జిగట, "ఇనప్పా" అనే ఆ పెద్ద గొంతు, అన్నీ కావాలనిపించేవి. ఒక్కోసారి గట్టు మీదే ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేదాన్ని.

అట్లా రెండేళ్ళు పైన గడిచాక రంగయ్య మళ్ళీ వచ్చాడు. గుడికి నంది కావాలట. వాకిట్లో రాతికుక్కను చూసి నవ్వాడు, నవ్వి నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"అది పోయిందమ్మా. మొన్న వానల్లో. మీరొచ్చేశాక కూడా సాయంత్రమయ్యేసరికి పాయదాకా ఒక్కతే పోయొచ్చేది."

మా ఆయన ఉలి ఆపి మా ముఖాలు చూస్తున్నాడు.

"కుక్క ఎట్లుందంట?" అన్నాడు.

రంగయ్య నా వైపు చూశాడు. ఆ మాటను ఆయన చెవిలో అరచి చెప్పాలి. ఎట్లా అరుస్తాను? నేను వాకిట్లోకి పోయి రాతికుక్క తల మీద చేయి వేసి, ఆయన వైపు చూసి, లేదన్నట్టు తల ఊపాను.

ఆయనకు అర్థమైంది. ముఖం కదలలేదు. వంగి సుత్తి అందుకున్నాడు. మళ్ళీ ఆ మోత మొదలైతే ఈసారి నేను తట్టుకోలేను, అంతే. రెండో చేత్తో ఉలి పట్టాడు, రాతికి ఆనించాడు, అట్లాగే ఉండిపోయాడు. తర్వాత రెంటినీ కింద పెట్టేసి లేచి, చేతులు దులుపుకున్నాడు.

"పా, కాలవ దాకా పోయొద్దాం."

రంగయ్యను అట్లాగే కొట్టంలో కూర్చోబెట్టి బయల్దేరాం. గట్టు ఎక్కాక అలవాటు కొద్దీ నేను వెనకబడ్డాను. ఆయన ఆగి తిరిగి చూశాడు.

"ఎనకెందుకే? ఈడికి రా."

పక్కకు పోయాను. కొంచెం దూరం నడిచాక, నా ముఖం చూసి, మొదలుపెట్టాడు. "మా ఈశ్వరి" అనలేదు, "మన ఈశ్వరి" అన్నాడు. అవే మాటలు. ఆ బండ, ఆ ఏడుపు, ఆ చెవులు. ఒక్క మాట దాచకుండా చెప్పాడు. మెల్లగా చెబుతున్నాననుకుంటున్నాడు. గట్టు మీద ఎడ్లబండి తోలుకుపోయేవాడు ఆపి చూశాడు, బట్టలుతికే ఆడవాళ్ళు చేతులు ఆపారు. మెల్లగా అని నేను సైగ చెయ్యలేదు. వింటే విననీ. చెప్పేసరికి ఆయన కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారాయి, నావీ అంతే. ఇద్దరం గట్టు మీద కూర్చుని ఏడ్చాం. ఎవరూ దగ్గరికి రాలేదు.

పొద్దు వాలుతుంటే లేచాం. నాలుగడుగులు వేశాక ఆయన నా కాళ్ళ వైపు చూశాడు.

"ఆ పొద్దు సముద్రం కాడ నీకు ముల్లు గుచ్చుకునిందే, నిజంగానే గుచ్చుకునిందా?"

నేను ఆయన చెవి దగ్గరికి పోయి, గట్టు మీద ఉన్నవాళ్ళందరికీ వినపడేంత గట్టిగా, "గుచ్చుకుంది" అన్నాను.